చూచుటకు వెల లేదు

వాక్యభాగములు: సామెతలు 24:30–34, 2 రాజులు 16:10–16



వారపు అంగడికి వెళ్లువారందరు కొనుటకే వెళ్లరు. గాజుల బండి యొద్ద ఒక తల్లి నిలిచి రంగులు చూచును. పనిముట్ల దుకాణము ముందర ఒక రైతు క్రొత్త కొడవలిని చేతపట్టి దాని బరువు చూచును. దుకాణదారుడు “ఏం కావాలె అక్కా?” అని అడిగిన, “ఏం లేదు, ఊకనే చూస్తున్నం” అందురు. జనగామలోనైనను, మహబూబాబాదులోనైనను, బొగ్గుగనుల భూపాలపల్లిలోనైనను ఈ మాట వినని దుకాణదారుడు లేడు. చేతిలో పైసా లేకుండ బజారు చూచి సంతోషించుట తప్పా? కొందరు తప్పనుకొని పిల్లలను గద్దింతురు. లేఖనము అట్లు చెప్పుట లేదు.

సామెతలలోని జ్ఞాని సోమరివాని చేని ప్రక్కగా నడచుచు పోయెను. పైరుండవలసిన చోట ముండ్లు మొలచినవి, గోడ కూలినది. అతడు ఆ చేను కొనలేదు, ఆ గోడ కట్టలేదు. నిలిచి చూచెను, యోచించెను, బుద్ధి తెచ్చుకొని పోయెను. పైసా ఖర్చు లేకుండ అతడు ఇంటికి మోసికొనిపోయిన సరుకు అదియే.

అట్టి సరుకు మన దగ్గరను దొరకును. జనగామకు సమీపముననే పెంబర్తి యున్నది. కాకతీయుల కాలమునుండి పేరుపొందిన ఇత్తడి పని అక్కడిది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. ఉత్త రేకును సుత్తెతోను చిన్న ఉలులతోను ఓపికగా కొట్టి, ఆకును పువ్వును పైకి తేల్చెదరు. ఆ పళ్లెము కొనుటకు మనకు శక్తి లేకపోవచ్చును. అయినను ఆ పనివాని ఓర్పును కన్నులార చూచి రావచ్చును. ఇత్తడి పని చేయు నేర్పును బెసలేలునకు దేవుడే తన ఆత్మవలన ఇచ్చెనని నిర్గమకాండము 31వ అధ్యాయములో చదువుచున్నాము. కాబట్టి మంచి పనిని చూచి సంతోషించుట దేవుని యీవిని చూచి సంతోషించుటయే. అయితే ఒక మాట. చూచునప్పుడు పనివాని పనిని తక్కువచేసి మాటలాడవద్దు, బేరమునకు వచ్చినట్లు నటించి అతని ప్రొద్దు పాడుచేయవద్దు. “చూడ వచ్చినమన్నా” అని నిజము చెప్పుడి.

ఆ జనగామ జిల్లాలోనే లింగాలఘనపురం మండలములో ఏనెబావి అను చిన్న పల్లె యున్నది. పురుగుమందుల ఖర్చుతో విసిగిన అక్కడి రైతులు క్రమక్రమముగా మందులను, తరువాత రసాయన ఎరువులను విడిచి, 2006 నాటికి ఊరంతయు వాటిని మానివేసిరి. వేపగింజల కషాయము, పశువుల పేడ మూత్రములు వారికి మందును ఎరువును ఆయెను. తరువాత ఇతర జిల్లాలనుండియు ఇతర రాష్ట్రములనుండియు రైతులు దానిని చూడ వచ్చిరి. వారు తీసికొనిపోయినది ధాన్యపు బస్తా కాదు, ఒక ఆలోచన. ఆ ఆలోచన నిచ్చినందున ఏనెబావివారికి ఏమియు తరుగలేదు.

ప్రియులారా, ఇంతవరకు చూపు మేలే చేసినది. ఇప్పుడు ఆహాజు రాజును చూడుడి. అతడు అష్షూరు రాజును కలిసికొనుటకు దమస్కునకు వెళ్లి, అక్కడ ఒక బలిపీఠమును చూచెను. దానిని కొనలేదు. దాని నమూనాను మాత్రము యాజకుడైన ఊరియాకు పంపెను. రాజు తిరిగి వచ్చులోపలనే పీఠము సిద్ధమాయెను. యెహోవా మందిరములోని ఇత్తడి బలిపీఠము ప్రక్కకు జరుపబడెను. చూచుటకు అతనికి ఖర్చు కాలేదు. గాని అన్యుల పూజను చూచి తెచ్చుకొన్నదే అతనికిని ఇశ్రాయేలునకును నాశనమాయెనని 2 దినవృత్తాంతములు 28వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది.

చూచుటకు వెల లేదు. చూచి తెచ్చిన నమూనాకు వెల యున్నది. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నదని మన పెద్దలు ఊరక అనలేదు. పట్టణములో ఫంక్షన్ హాలులో జరిగిన పెండ్లిని చూచి వత్తుము. ఆ దీపములు, ఆ మేళము, ఆ పదిరకముల కూరలు కన్నులలో నిలిచియుండును. మన బిడ్డ పెండ్లి వచ్చినప్పుడు ఆ నమూనాయే ముందుకు వచ్చును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష తెత్తుము. నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరువది నాలుగు వేలు వడ్డీయే. పెండ్లి ఒక దినము. అప్పు తీరులోపల మనుమడు బడికి పోవును. నేడు చేతిలోని ఫోనులో రాత్రింబవళ్లు అంగడి తెరచియే యున్నది. వాయిదాలమీద ఇత్తుమని అది పిలుచుచుండును. చూపునకును అప్పునకును మధ్య ఒక వ్రేలిమోపు దూరమే.

కనుక చూచినదానిని ఇంటికి తెచ్చుటకు ముందు గడపయొద్ద నిలిపి మూడు ప్రశ్నలు వేయుడి. ఇది మా ఇంటి భారమును తగ్గించునా, పెంచునా? మా నేలకు, మా రాబడికి ఇది తగినదా? పొరుగువాడు చూడకపోయినను నేను దీనిని చేయుదునా? ఈ మూటికి మంచి జవాబు చెప్పు ఆలోచనను లోపలికి రానిండి. చెప్పలేనిదానిని అంగడిలోనే విడిచి, చూచిన సంతోషమును మాత్రము తెచ్చుకొనుడి. లోకములోని మంచినంతయు మనము కొనలేము. కొనకయే దానికై దేవుని స్తుతింపవచ్చును.

రూకలు లేనివారిని రమ్మని పిలుచు దేవుడు ఒకడున్నాడని యెషయా 55వ అధ్యాయము తెలుపుచున్నది. ఆయన యొద్ద బీదవాడు ఊరకే చూచి వెళ్లనక్కరలేదు. ఉచితముగా తీసికొని వెళ్లవచ్చును. ఈ నెల మీరు ఏ అంగడికి పోయినను, ఏ చేను గట్టున నిలిచినను, మేలైన ఆలోచన నొకదానిని తెచ్చి కుటుంబ ప్రార్థనలో ఇంటివారికి చెప్పుడి. పిల్లలనుకూడ చెప్పనిండి. ప్రభువు మన కన్నులను కాపాడి, మన ఇండ్లను అప్పునుండి తప్పించునుగాక. ఆమేన్.