పాటయు బాకీయు

గతించిన దినములను తలచుకొని పాడిన పాట మనుజుని హృదయమును ఇంతగా కలచివేయుటకు కారణమేమి? ఆ కలతవలన మనము మంచివారమగుదుమా, లేక మంచివారమైతిమని భ్రమపడి ఊరకుందుమా? ఈ ప్రశ్న మాకు గ్రంథములు చదువుచుండగా కలిగినది కాదు. జనగామ జిల్లాయందలి చిల్పూరులో ఒక పెండ్లిపందిరి క్రింద కలిగినది.

భోజనములు ముగిసినవి. హైదరాబాదునుండియు, హనుమకొండనుండియు వచ్చిన బంధువులు కుర్చీలలో చేరగిలియుండిరి. అప్పుడెవరో మైకులో గోరటి వెంకన్నగారి ‘పల్లె కన్నీరు పెడుతుందో’ అను పాటను పెట్టిరి. అంతవఱకు పందిరి నిండినట్టి కోలాహలము మెల్లమెల్లగా అణగిపోయెను. విదేశమున ఉద్యోగము చేయు ఒక యువకుడు తల వంచుకొనెను. కొలువునుండి విరమించిన ఒక పెద్దమనిషి కండ్లద్దములు తీసి తుడుచుకొనెను. మాకును కంఠము పట్టుకొనెను. పందిరిగుంజకు ఆనుకొని ఒక వృద్ధుడు నేలమీద కూర్చుండియుండెను. ఆ పెండ్లికి ఐరేని కుండలు తెచ్చిన కుమ్మరి అతడే. యువకుడు అతనిని చూచి, “తాతా, పాట విన్నవా? కుమ్మరోళ్ల గురించి గూడ పాడుతున్నరు” అనెను. వృద్ధుడు నెమ్మదిగా, “విన్న బిడ్డా, మంచిగున్నది. నా కుండల పైసలు ఇప్పిస్తే పొద్దుండంగనే ఇంటికి పోత” అనెను.

ఎవరును నవ్వలేదు. యువకుడు పెండ్లివారిని వెదకుటకు లేచెను. వారు అప్పగింతల సందడిలో నుండిరి. మేము మాత్రము పాట ముగియువఱకు కదలలేదు. ముగిసి చూచునప్పటికి ఆ గుంజయొద్ద ఎవరును లేరు. అప్పటినుండి ఆ పాట మాకు రెండు గొంతులతో వినబడుచున్నది: ఒకటి గాయకునిది, రెండవది బాకీ అడిగిన ఆ వృద్ధునిది.

మొదట పాట సంగతి. ఇది 2002లో ‘కుబుసం’ అను చలనచిత్రము ద్వారా, వందేమాతరం శ్రీనివాస్‌గారి కంఠమున, తెలుగునాట నలుమూలలకును వ్యాపించినది. వెంకన్నగారు పాలమూరు సీమయందలి గౌరారమున 1963లో జన్మించినవారు. వారి ‘వల్లంకి తాళం’ అను గ్రంథమునకు 2021లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. ఈ పాట కట్టడి మిక్కిలి సరళమైనది. ఊరును ఏడ్చుచున్న ప్రాణిగా నిలుపును. పిదప మనలను ఒక్కొక్క వృత్తివాని ముంగిలికి కొనిపోవును. ఇది కుమ్మరి వామి, ఇది కమ్మరి కొలిమి, ఇది సాలెవాని మగ్గము, చూడుమనును. ఎచ్చటను ‘అయ్యో, పూర్వకాలమెంత గొప్పది’ అని సామాన్యముగా వాపోదు. వస్తువును చూపి ఊరకుండును. శ్రోత ఆ వస్తువునకు తన ఊరి పేరును, తాను ఎఱిగిన మనుష్యుని ముఖమును తానే చేర్చుకొనును. కావుననే పాలమూరు మనుష్యుడు వ్రాసిన పాటకు చిల్పూరు పందిరిలో కన్నీరు వచ్చుచున్నది.

ఇట్టి వేదనకు పాశ్చాత్యులు ‘నాస్టాల్జియా’ యని పేరు పెట్టిరి. 1688లో బాసెల్ నగరమున యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, ఇంటికి మఱలుట, నొప్పి అను అర్థములు గల రెండు గ్రీకు పదములను జోడించి, స్వదేశమునకు దూరమైన స్విస్ జనులకు కలుగు ఒక రోగమునకు ఆ నామకరణము చేసెను. తరువాతి శతాబ్దమున రూసో తన సంగీత నిఘంటువునందు స్విస్ పసులకాపరుల పాటనుగూర్చి వ్రాయుచు, ఆ పాట విన్న సైనికులు కన్నీరు కార్చి, కొలువు విడిచి పాఱిపోవుచుండిరనియు, అందుచేత దానిని దండులలో పాడరాదని మరణదండనతో నిషేధించిరనియు చెప్పెను. అంతతో విడువక, ఆ బలము స్వరములలో లేదనియు, వినువాని స్మృతులలో నున్నదనియు, ఆ పాట ఇతరులకు ఏమియు చేయజాలదనియు తేల్చెను. రాజులే వెఱచినంతటి బలము పసులకాపరి పాటకు కలదన్నమాట! అయినను ఆ బలము పాటలో లేక మనలోనే యున్నయెడల, దానికి జవాబుదారులమును మనమే కావలెను.

ఇచ్చట సంస్కరణాభిలాషులు ఒక గట్టి ఆక్షేపణ తెత్తురు. అది త్రోసివేయదగినది కాదు. వారిట్లందురు: “మీరు ఏ పల్లెను తలచి యేడ్చుచున్నారు? వెట్టి చేయించిన పల్లెనా? అంటరానివాడని వాడ వెలుపల నుంచిన పల్లెనా? కుమ్మరి దొరగడీకి కుండలు ఊరకే ఇయ్యవలెను. గొఱ్ఱెలకాపరి పండుగకు గొఱ్ఱెను ఊరకే తోలవలెను. చాకలి, మంగలి, మాదిగ ఒక పిలుపున పరుగెత్తవలెను. ఆ పల్లె కూలినందులకు ఏడ్చుట ఎందులకు?” ఈ ప్రశ్నను జనగామ సీమలో అడుగుట మఱింత న్యాయము. 1946 జులై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు నేలకొఱిగిన కడవెండి యీ జిల్లాలోనిదే. తన చేతి పంటను దేశముఖునకు దక్కనీయక నిలిచిన చాకలి ఐలమ్మ ఊరు పాలకుర్తి యీ జిల్లాలోనిదే. వారు ఏ పల్లెను ఎదిరించి పోరాడిరో, ఆ పల్లె నిమిత్తమే వారి మనుమలు కన్నీరు విడుచుట వింత కాదా?

మఱియు ఒక వింత గలదు. వెంకన్నగారి పాట అభ్యుదయమును కోరు ఉద్యమముల నడుమ పెరిగినది. అభ్యుదయమనగా ముందునకు పోవుట గదా! ముందునకు పోవువాడు వెనుకకు తిరిగి విలపించుట ఎట్లు పొసగును?

మేము చాలకాలము ఆలోచించి చూచినమీదట మాకు తోచినదిది. పల్లెలో రెండు వస్తువులు ఒక్క త్రాటితో కట్టబడియుండినవి. ఒకటి దాస్యము, రెండవది పనితనము. దాస్యమును జనులు పోరాడి త్రెంచిరి. పనితనమును ఎవరును పోరాడి త్రెంచలేదు. అల్యూమినియము గిన్నెయు, ప్లాస్టిక్ బిందెయు, మిల్లుగుడ్డయు, కర్మాగారమున పోతపోసిన పనిముట్లును సంతకు వచ్చుచుండగా అది తనంత తానే సడలిపోయెను. మొదటిది పోయిన దినమున ఎఱ్ఱజెండాలు ఎగిరినవి, పాటలు పుట్టినవి. రెండవది పోయిన దినము ఏదియో ఎవరికిని తెలియదు. ఏ కుమ్మరి ఏ దినమున సారెను కట్టకడపటిసారి త్రిప్పెనో ఏ దస్తరమునందును వ్రాయబడలేదు. ఆ వ్రాయబడని దినమునకు ఈ పాట తిథి పెట్టినది. ఇది గడీ కూలినందులకు ఏడ్చుట కాదు. గడీ కూలిన పిదప స్వతంత్రుడై తలయెత్తవలసిన పనివాడు తలయెత్తుటకు ముందే బజారుచే పడగొట్టబడెనే యని యేడ్చుట. ఇట్లు గ్రహించినచో ఈ పాట అభ్యుదయమునకు విరోధి కాదు. అభ్యుదయము చేయ మఱచిన పనిని గుర్తుచేయు నెచ్చెలి.

అయినను ఇంతతో మనము నిర్దోషులము కాము. పాట ఏమి చెప్పినదన్నది ఒకటి; వినువాడు దానిలో ఏమి వినెనన్నది వేఱొకటి. పెద్దయింటి బిడ్డ ఆ పాటలో తన ఇంటి అరుగును, వేపచెట్టు నీడను, పిలిచిన పలుకు నౌకర్లను వినవచ్చును. వాడ బిడ్డ అదే పాటలో తల్లి కూలికి పోయిన దారిని వినవచ్చును. ఇరువురకును కన్నీరు వచ్చును. ఆ రెండు కన్నీళ్లకును ఉప్పు ఒక్కటియే. బయటినుండి చూచువానికి భేదము తెలియదు. ఆ భేదమును కనుగొనుటకు ఒక పరీక్ష కావలెను.

ఆ పరీక్షను కాళిదాసు ఏనాడో చూపెను. శాకుంతలమున పంచమాంకము మొదట దుష్యంతుడు తెరచాటునుండి హంసపదిక పాడిన పాట వినును. వినినంతనే, ప్రియవియోగమేదియు లేకున్నను, కారణము తెలియని బెంగ అతనిని ఆవరించును. సుఖముగా నున్నవాడును మధురశబ్దమును విని తల్లడిల్లుచున్నాడనగా జన్మాంతర స్నేహమేదియో మనసున మెదలుచున్నదేమో యని అతడు తలపోయును. ఎంత సున్నితమైన మనస్సు! కాని కొలది క్షణములలోనే, ఏ స్నేహము అతని మనసులో మెదలెనో ఆ స్నేహమూర్తి శకుంతల నిండుచూలాలై ఎదుట వచ్చి నిలిచినప్పుడు, “ఈమె యెవరో నేనెఱుగను” అని పంపివేయును. శాపమని కవి రాజును కాపాడెను. మనలను కాపాడుటకు ఏ శాపమును లేదు.

ఇట్టిదే యొకటి ఇటీవలి శతాబ్దమున ఇంగ్లండునందు జరిగినది. పింక్ ఫ్లాయిడ్ అను వాద్యబృందము ప్రోగ్రెసివ్ రాక్ అను పద్ధతిలో పేరుపొందినది. ఆ మాటకును ముందడుగనియే అర్థము. ఆ బృందమును మొదట నడిపిన సిడ్ బారెట్ అనువాడు మతి చెదరి 1968లో దానికి దూరమాయెను. మిగిలినవారు 1975లో ‘విష్ యు వర్ హియర్’, అనగా ‘నీవిచ్చట నుండిన బాగుండును’ అను సంపుటమును వెలువరించిరి. అతనినే తలచుకొని కట్టిన పాట యొకటి దానిలో గలదు. ఆ సంపుటమునకై లండనులోని యాబీ రోడ్ శబ్దశాలలో పనిచేయుచుండగా, ఆ యేడు జూన్ 5వ తేదీన, తలయు కనుబొమలును గొఱిగించుకొని, ఒడలు లావెక్కిన యొక మనుష్యుడు లోపలికి వచ్చెను. చిరకాలమిత్రులే ఆతడెవరో కొంతసేపు పోల్చుకొనలేకపోయిరి. వచ్చినవాడు బారెట్! నీవిచ్చట నుండిన బాగుండునని పాడుచున్నవారి ఎదుట అతడే నిలిచియున్నాడు, వారు గుర్తెఱుగలేదు. తెలిసినపిమ్మట కన్నీరు పెట్టిరందురు. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. వారు తలచుచుండినది ఏడెనిమిదేండ్ల క్రిందటి సుందర యువకుని; వచ్చినది కాలముచే మార్పుచెందినవాడు. స్మృతి ఎప్పుడును వయసు పెరుగనీయదు. మనుష్యుడు పెరుగుచునే యుండును.

చిల్పూరు పందిరిలో జరిగినదియు ఇదియే గదా! పాటలోని కుమ్మరి మాకు తెలియును. అతడు సారె ముందఱ కూర్చుండి, మట్టిచేతులతో, సాయంకాలపు ఎండలో మెఱయుచుండును. పందిరిగుంజయొద్ద నున్నవాడు అట్లు లేడు. పాత చొక్కా తొడిగికొని, సంచి చంకనిడుకొని, మందబుద్ధితో మేము పైసలు ఇచ్చువఱకు కాచుకొని యున్నాడు. మేము లేనివానికై ఏడ్చుచు ఉన్నవానిని కనలేదు. కావున పరీక్ష ఇది: ఏ పాట విన్న పిదప మన కన్నులు తేటపడి ఎదుటివానిని గుర్తించునో, ఆ కన్నీరు సత్యము. ఏ పాట విన్న పిదప మన కన్నులు మఱింత మసకబాఱి, ఎదుటివాడు మాటలాడినప్పుడు రసభంగమైనట్లు తోచునో, ఆ కన్నీరు విలాసము. ఆ దినమున మా కన్నీరు ఏ జాతిదో చెప్పుటకు మాకు సిగ్గగుచున్నది.

చిల్పూరు గుట్టపై వెలసిన దేవునికి బుగులు వేంకటేశ్వరస్వామి యని పేరు. బుగులనగా ఈ సీమలో భయముతో కూడిన దిగులు. తన పెండ్లికి కుబేరునియొద్ద చేసిన అప్పు తీఱు మార్గము కానక, ఆ దిగులుతో స్వామి ఈ గుట్టకు వచ్చెనని స్థలపురాణము. మేము బాల్యమునుండి విన్న ఈ కథ ఆ పెండ్లినాటి రాత్రి మాకు క్రొత్తగా అర్థమైనది. పాట విన్నప్పుడు గుండెలో కలుగు నొప్పిని మనము ప్రేమ యనుకొందుము, రసానుభూతి యనుకొందుము. అది బాకీదారుని బుగులు. ఎవరి కుండలో నీళ్లు త్రాగితిమో, ఎవరి మగ్గపు గుడ్డ కట్టితిమో, ఎవరి నాగలికఱ్ఱు గీచిన చాలులో పండిన గింజ తిని చదువుకొని పట్నములకు పోతిమో, వారికి మనము ఇయ్యవలసినది ఇచ్చి వేసితిమా? లోపలి లెక్క తేలలేదు. పాట వచ్చి ఆ లెక్క పుస్తకమును తెఱచును. అందుకే నొప్పి. కన్నీరు ఆ బాకీని జ్ఞప్తికి తెచ్చు చీటియే కాని చెల్లింపు కాదు. ఏడ్చి తేలికపడినవాడు బాకీ తీఱెనని తలచినచో, పాట అతనికి మేలునకు మాఱుగా కీడు చేసినది.

అట్లని వామి తిరిగి వెలిగించుడు, బిందెలు పాఱవేయుడని మేము చెప్పుటలేదు. పూర్వపు పల్లె తిరిగి రాదు, రాకూడదు కూడ. దేవాదుల కడ ఎత్తిపోసిన గోదావరి నీరు నేడు ఈ మెట్టసీమకు చేరుచున్నది. దానిని వలదనువాడు కఱవు నెఱుగనివాడు. కుమ్మరి మనుమడు కుమ్మరిగానే ఉండవలెనని కోరుట సంస్కారము కాదు. కాని మార్పు యొక్క మూల్యమును ఎవరు చెల్లించిరో వారిని పేరుపెట్టి పిలుచుట, వారి పనికి బేరమాడక వెల యిచ్చుట, వారి బిడ్డల చదువునకు తోడగుట, వారు మాటలాడినప్పుడు మైకు తగ్గించి వినుట, ఇవి ఎవరికిని అసాధ్యములు కావు. పాటను నిషేధించిన స్విస్ దండనాయకులకన్న మనము తెలివిగలవారమగుదము. పాడనిత్తము, విందము, పిమ్మట లేచి పోయి చేయవలసినది చేయుదము.

మఱునాటి ఉదయమున మేము కుండల వెల తీసికొని ఆ వృద్ధుని యింటికి పోతిమి. అతడు పైకము లెక్కపెట్టి, “ముట్టినయి” అనెను. కృతజ్ఞత తెలుపలేదు, తెలుపవలసిన పనియు లేదు, అది అతని సొమ్ము. కుండల బాకీ తీఱినది. తక్కిన బాకీలు అట్లే యున్నవి. వానిని తీర్చునంతవఱకు ఆ పాట వినబడినప్పుడెల్ల మా గుండె నొచ్చుచునే యుండుగాక యని కోరుచున్నాము.