తిన్నట్టే లేదే!

షడ్రుచులంటే అందరికీ తెలుసు. ఉగాది పచ్చడి పుణ్యమా అని చిన్నపిల్లలు సైతం వేళ్ళు మడిచి లెక్క చెబుతారు. కానీ మన పెద్దవాళ్ళు భోజనానికి ఇంకో లెక్క కూడా కట్టారు. భక్ష్యం, భోజ్యం, లేహ్యం, చోష్యం, పానీయం. కొరికి నమిలేది, మెత్తగా తినేది, నాకేది, జుర్రుకునేది, తాగేది. గమనించారా? ఇందులో తీపి చేదుల ప్రసక్తే లేదు. నోరు చేసే పనిని బట్టి వేసిన లెక్క ఇది. పంచభక్ష్య పరమాన్నాలన్న మాట నేనూ వందసార్లు వాడే ఉంటాను. దాని అర్థం మా అమ్మకి పక్షవాతం వచ్చాక గానీ బోధపడలేదు.

చెయ్యి కాస్త స్వాధీనంలోకి వచ్చింది గానీ, మింగే కండరాలు బలహీనపడ్డాయి. మంచినీళ్ళే ప్రమాదమని డాక్టరుగారు చెబితే తెల్లబోయాను. పల్చటివి గొంతులో చప్పున జారి, శ్వాసనాళం మూసుకునే లోపే అందులోకి దిగిపోతాయట. దాంతో న్యుమోనియా రావచ్చు. అందుకని నీళ్ళలో కూడా చిక్కపరిచే పొడి కలపాలి. అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి మిక్సీలో వేసి, ఒక్క పలుకు తగలకుండా గుజ్జు చేసి పెట్టేదాన్ని. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నానో అని లోలోపల కాస్త గర్వం కూడానూ.

ఒకరోజు వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని మేమంతా గుమ్మడి వడియాలు నంజుకుంటున్నాం. చప్పుడు ఆవిడ చెవిన పడకూడదని పప్పుచారులో నానబెట్టుకుని మరీ తింటున్నాం.

అమ్మ పిలిచింది. "వడియాలు వేయించారుగా. వాసన వస్తోంది. చప్పుడు రాదేమే?"

నాకు నోట మాట రాలేదు.

"నువ్వు పెట్టేదాంట్లో ఉప్పూ కారం సరిగ్గానే ఉన్నాయే. కానీ తిన్నట్టే లేదు. ఏది పప్పో ఏది కూరో తెలిస్తేగా!"

ఆవిడ ప్రాణం కాపాడ్డం నా ధర్మమే. వడియం చేతిలో పెట్టే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. కానీ ప్రాణం కాపాడుతున్నాను గదా అని ఆవిడ నోటి మీద కూడా పెత్తనం చేశానేమో? పసిపిల్లకి పెట్టినట్టు పెట్టాను. ఏం కావాలని ఒక్కసారీ అడగలేదు. పసిపిల్లకి కరకరలు తెలియవు. ఈవిడకి డెబ్భై ఏళ్ళ జ్ఞాపకం ఉంది.

మర్నాడు డాక్టరుగారిని మళ్ళీ అడిగాను. మెత్తగా చెయ్యమన్నాను గానీ అన్నీ కలిపెయ్యమన్నానా అన్నారాయన. ఇప్పుడు పప్పు వేరు, కూర వేరు. ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా. మేం మాత్రం ఆవిడ మంచం పక్కనే కూర్చుని వడియాలు కరకరలాడిస్తున్నాం. అది ఆవిడ ఆజ్ఞ. కొన్ని రోజులు వింటూ నవ్వుతుంది. కొన్ని రోజులు మొహం అటు తిప్పుకుంటుంది. ఆ పూట మేమూ వడియాల గిన్నె మూతపెట్టేస్తాం.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు మనవాళ్ళు. అమ్మకి పొలమారకూడదన్న భయంలో పడి, అమ్మని తలుచుకోవడమే మర్చిపోయాను నేను.