నొప్పి మొక్కు కాదు

దేవుడికి మన నొప్పి కావాలా? రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో బతుకుతూ, సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణకి ఒంటిని సిద్ధం చేసుకుంటున్నదాన్ని కనుక ఈ ప్రశ్న నన్ను వదలదు. ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక దాటి, జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రాన్ని తాకి, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి చేరతారు. చాలామందికి రాత్రంతా నడకే. చెప్పులు వేసుకోని వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. నేను మెత్తటి అడుగున్న బూట్లు వేసుకుంటాను.

మా పిన్నికి ఆ బూట్లు నచ్చవు. "కష్టం లేకుండా నడిస్తే అది మొక్కెలా అవుతుందే?" అంటుంది. ఆవిడ మాటని నేను కొట్టిపారెయ్యను. మోకాళ్లమీద మెట్లెక్కడం, పొర్లుదండాలు, పచ్చి మంచినీళ్లయినా ముట్టని ఉపవాసాలు చూస్తూ పెరిగిన వాళ్లం మేము. ఒంటిని బాధపెట్టుకుంటేనే స్వామి చూస్తాడన్న నమ్మకం మా ఇళ్లలో ఎవరూ నేర్పక్కర్లేకుండానే వస్తుంది.

కానీ నొప్పి కోసం నేను కొండచుట్టూ తిరగక్కర్లేదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఈ జబ్బులో కీళ్ల లోపలి పొరమీద దాడి చేస్తుంది. పొద్దున్న లేచాక చాలాసేపు వేళ్లు ముడుచుకోవు. కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని తాగుతాను. వేడినీళ్లు పోసుకున్నాక గానీ మోకాళ్లు వంగవు.

బృహదారణ్యకోపనిషత్తు అయిదో అధ్యాయంలో ఒక చిన్న భాగం ఉంది. రోగి పడే బాధను పరమ తపస్సని ఎరిగినవాడు ఉత్తమ లోకాన్ని గెలుస్తాడని దాని భావం. మొదటిసారి చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పూర్వజన్మ పాపమని అందరూ అన్న జబ్బుని తపస్సన్నవాళ్లు ఒకరున్నారు కదా! అయితే వెంటనే ఇంకో సందేహం. మంచంమీదే తపస్సు జరుగుతుంటే నడవడం దేనికి?

నాకు దారి చూపింది గీత. చలీ వేడీ, సుఖం దుఃఖం వచ్చిపోయేవి, ఓర్చుకో అని రెండో అధ్యాయంలో అర్జునుడికి చెప్పిన కృష్ణుడే, పదిహేడో అధ్యాయంలో శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో దేహాన్ని హింసించేవాళ్లు లోపలున్న తననే హింసిస్తున్నారని అంటాడు. అది అసుర నిశ్చయమంటాడు. వచ్చిన నొప్పిని ఓర్చుకోమన్నాడు గానీ, తెచ్చుకోమనలేదు. ఈ శరీరంలో ఆయన ఉన్నాడని నమ్మితే దీన్ని కదిలేలా ఉంచడం కూడా సేవే.

శంకరుల పేరు మీదున్న వివేకచూడామణి మరీ కఠినంగా చెబుతుంది. దుఃఖాన్ని చింత లేకుండా, విలాపం లేకుండా, విరుగుడు కూడా వెతక్కుండా భరించాలంటుంది. మొదటి రెండింటికీ తలవంచుతాను. మూడోదానికి వంచలేను. ముముక్షువు సంగతి వేరు, ఇల్లు నడిపేదాని సంగతి వేరు. వారానికొక్కసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటూనే నడుస్తాను.

ఒకప్పుడు ఈ జబ్బుకి వైద్యులు విశ్రాంతే చెప్పేవారు. ఇప్పుడు కదలమంటున్నారు. యూరప్ రుమటాలజీ నిపుణుల సంఘం యూలార్ 2018 సిఫార్సుల్లో వ్యాయామాన్ని వైద్యంలో భాగంగానే చూడాలంది. మోకాలి మృదులాస్థికి రక్తనాళాలు లేవు. స్పాంజిని నొక్కి వదిలినట్టు, అడుగు పడి లేచినప్పుడల్లా కీలులోని ద్రవం దానికి ఆహారం అందిస్తుంది. అందుకే మాఘమాసం నుంచే నడక మొదలుపెడతాను. మొదట బీచ్ రోడ్డులో చదునుగా, కాస్త కాస్త దూరం పెంచుకుంటూ. ఎండలు ముదిరేలోపు ముడసర్లోవ వైపు ఎత్తుపల్లాలు.

నా సాధనంతా ఏ నొప్పి ఏదో తెలుసుకోవడంలోనే ఉంది. పిక్కల్లో, తొడల్లో అలసట వల్ల వచ్చేది కూర్చుంటే సర్దుకుంటుంది. దానితో నడవొచ్చు. కీలు వాచి, తాకితే వేడిగా ఉండి, కూర్చున్నా సలుపుతుంటే అది వేరు. నడక ముగిసి రెండు గంటలైనా ముందుకంటే ఎక్కువ నొప్పి ఉంటే మర్నాడు దూరం తగ్గించమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. అలా తగ్గించిన రోజున కలిగే చింత ఉందే, నేను ఓర్చుకోవాల్సింది దాన్ని. నడవగలిగిన రోజున ఓర్పు పెద్ద కష్టం కాదు. గోవిందనామాలు వినిపిస్తుంటే, పక్కన వేలమంది సాగుతుంటే కాళ్లు వాటంతటవే పడతాయి. అందరూ ముందుకి వెళుతుంటే రోడ్డుపక్కన అరుగుమీద కూర్చోవడానికే గుండె నిబ్బరం కావాలి.

ఈ ఆషాఢానికి మా ఆయన కూడా నాతో నడుస్తున్నారు. దారిలో ఎక్కడైనా సరే కీలు వేడెక్కితే ఆటో ఎక్కుదామని ముందే చెప్పి ఉంచాను. "ఎన్ఏడీ దాటాక అయితే? గోపాలపట్నం వచ్చేసినట్టే కదా" అన్నారు. అయినా ఎక్కుదామన్నాను.