గ్లాసెడు నీళ్ళ విలువ



అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ క్రీ.శ. 786 నుండి 809 వరకు విశాలమైన సామ్రాజ్యాన్ని పరిపాలించారు. ఆయన గురించి చరిత్రకారులు ఒక సంఘటన చెబుతారు. ఒకరోజు దాహమై ఆయన నీళ్ళు తెప్పించుకున్నారు. తాగబోతుండగా ఇబ్నుస్సమ్మాక్ అనే ధర్మోపదేశకుడు ఆయన్ని ఆపి, ఈ నీళ్ళు దొరకని పరిస్థితే వస్తే వీటికోసం ఏమిస్తారని అడిగారు. సగం రాజ్యం ఇచ్చేస్తానన్నారు ఖలీఫా. ఆయన నీళ్ళు తాగిన తరువాత, ఈ నీళ్ళు ఒంట్లోనుంచి బయటికి రాకుండా ఆగిపోతే ఏమిస్తారని మళ్ళీ అడిగారు. మిగతా సగం కూడా ఇచ్చేస్తానన్నారు ఖలీఫా. గుక్కెడు నీళ్ళకూ, ఒకసారి మూత్రవిసర్జనకూ సరితూగని రాజ్యాన్ని చూసుకొని మురిసిపోవడం దేనికని ఆయన అనేసరికి ఖలీఫా కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఒక రాజ్యం విలువచేసే ఆ మేలు మనకు రోజుకు అయిదారుసార్లు ఉచితంగా జరుగుతోంది. మనం మాత్రం దాన్ని గమనించం. దాని గురించి మాట్లాడటానికే సిగ్గుపడతాం. సిగ్గు విశ్వాసంలో భాగమే. కాని ధర్మం తెలుసుకోవడానికి అన్సార్ స్త్రీలకు సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని మెచ్చుకున్నారు. భూమ్యాకాశాలలోనే కాక స్వయంగా మనలో కూడా సూచనలున్నాయని, వాటిని చూడమని దివ్యఖుర్ఆన్ మనల్ని ఆహ్వానిస్తోంది. కనుక రండి, ఆ గ్లాసెడు నీళ్ళ వెంట మనమూ కాసేపు వెళ్దాం.

పిడికెడంత జల్లెడ

తాగిన నీళ్ళు పేగుల నుండి రక్తంలో కలుస్తాయి. ఆ రక్తం మూత్రపిండాలకు చేరుతుంది. ఇవి నడుము పైభాగాన వెన్నెముకకు అటొకటి, ఇటొకటి, చిక్కుడుగింజ ఆకారంలో ఉంటాయి. ఒక్కొక్కటి మన పిడికిలంత ఉంటుంది, బరువు సుమారు 150 గ్రాములు. మొత్తం శరీరం బరువులో నూటికి ఒక వంతు కూడా లేని ఈ రెంటికీ, గుండె పంపే రక్తంలో దాదాపు అయిదోవంతు వెళుతుంది. అంటే నిమిషానికి లీటరు పైమాటే!

ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది. అదే జల్లెడ. రక్తకణాలూ పెద్ద మాంసకృత్తులూ దానిలో ఆగిపోతాయి. నీరు, లవణాలు, చక్కెర, యూరియా అవతలికి దిగుతాయి. ఇలా రోజుకు దిగే ద్రవం సుమారు 180 లీటర్లు. మన ఒంట్లో ఉన్న రక్తమేమో అయిదు లీటర్లే! దిగినదంతా బయటికి పోతే అరగంటలో ప్రాణం మీదికి వస్తుంది. కాని అలా జరగదు. ఆ జల్లెడ వెనుకనున్న సన్నని గొట్టం చక్కెరనూ, కావలసిన లవణాలనూ, నూటికి 99 వంతుల నీటినీ తిరిగి రక్తానికి అప్పగిస్తుంది. యూరియా, క్రియాటినిన్ వంటి వ్యర్థాలతో చివరికి మిగిలేది లీటరున్నర మూత్రం.

రమజాన్ ఉపవాసంలో మధ్యాహ్నమయ్యేసరికి మూత్రం తగ్గి, రంగు చిక్కబడటం మనందరికీ అనుభవమే. ఒంట్లో నీరు తగ్గగానే మెదడు అడుగునున్న పీయూషగ్రంథి ఒక హార్మోనును విడుదల చేస్తుంది. దాంతో మూత్రపిండాలు నీటిని మరింత పొదుపు చేస్తాయి. ఇఫ్తార్‌లో నీళ్ళు తాగాక కట్టడి సడలుతుంది. ఎర్ర రక్తకణాలను తయారుచెయ్యమని ఎముక మజ్జకు కబురు పంపేదీ, రక్తపోటును అదుపులో ఉంచేదీ, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చేదీ కూడా ఈ మూత్రపిండాలే. ఆలోచించండి! ఇందులో ఏ ఒక్క పనికైనా మనం ఆజ్ఞాపించామా?

తాళంచెవి మన చేతికి

తయారైన మూత్రం 25 నుండి 30 సెంటీమీటర్ల పొడవున్న రెండు మూత్రనాళాల గుండా మూత్రాశయానికి చేరుతుంది. ఆ నాళాల గోడలు అలలు అలలుగా ముడుచుకుంటూ దాన్ని కిందికి నెడతాయి. అందుకే మనం పడుకున్నా, సజ్దాలో తల నేలకు ఆనించినా ఆ పని ఆగదు. నాళాలు మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా దిగుతాయి. మూత్రాశయం నిండినప్పుడు ఆ ఒత్తిడికే దారి మూసుకుపోయి, మూత్రం వెనక్కి ఎగదన్నదు.

మూత్రాశయం ఒక సాగే సంచి. సుమారు అర లీటరు పడుతుంది. సగం కూడా నిండకముందే మెదడుకు మొదటి కబురు వెళుతుంది. బయటికి పోయే దారిలో రెండు కండరాల ద్వారాలున్నాయి. లోపలిది మన ప్రమేయం లేకుండా పనిచేస్తుంది. బయటిది మాత్రం మన అధీనంలో ఉంటుంది. పసిపిల్లలకు ఆ అదుపు ఉండదు. పెరిగేకొద్దీ వస్తుంది. కోట్ల పనులను తన ఆజ్ఞతో నడిపిస్తున్న సృష్టికర్త, ఈ ఒక్క తాళంచెవిని మన గౌరవం కోసం మన చేతికిచ్చాడు.

ఇది అమానతు

మరి ఆ తాళంచెవిని మనం ఎలా వాడుతున్నాం? మలమూత్రాలను బిగబట్టుకొని నమాజ్ చేయవద్దని దైవప్రవక్త (స) వారించారు. ఒక పల్లెవాసి తెలియక మస్జిదులోనే మూత్రవిసర్జన మొదలుపెడితే సహచరులు కేకలు వేశారు. ఆయన (స) వారిని ఆపి, అతణ్ణి మధ్యలో ఆటంకపరచవద్దన్నారు. అతను ముగించాక ఆ చోట ఒక బొక్కెనెడు నీళ్ళు పోయించి, మృదువుగా నచ్చజెప్పారు. మస్జిదు పవిత్రతనూ కాపాడారు, ఆ మనిషి శరీరాన్నీ కాపాడారు.

మనమేమో సరైన మరుగుదొడ్డి లేని బడికి ఆడపిల్లలను పంపిస్తాం. వాళ్ళు సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా, బిగబట్టుకొని కూర్చుంటారు. స్త్రీలలో మూత్రమార్గం సుమారు నాలుగు సెంటీమీటర్లే కనుక సూక్ష్మక్రిములు తేలికగా పైకి పాకుతాయి. షాదీఖానా కట్టేటప్పుడు వేదికకు, దీపాలకు ఖర్చుపెట్టే మనం స్త్రీల మరుగుదొడ్డి దగ్గరికి వచ్చేసరికి లెక్కలు చూసుకుంటాం. ఇది కూడా రేపు ప్రశ్నించబడే విషయమే.

మా మస్జిదులో చివరి వరుసన కుర్చీలో కూర్చొని నమాజ్ చేసే ఒక పెద్దాయన ఉన్నారు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకుంటారు. మధుమేహం ఉందని తెలిసినా ఏళ్ళ తరబడి పరీక్ష చేయించుకోలేదట. ఇప్పుడు రోజుకు ఇన్ని నీళ్ళేనని డాక్టరు కొలత పెట్టారు. "కడుపునిండా నీళ్ళు తాగి రెండేళ్ళయింది బాబూ" అంటారాయన. ఆ మాట విన్నరోజు మేము వుజూ నీళ్ళను చూసిన చూపే మారిపోయింది.

మూత్రపిండాల జబ్బు చాలాభాగం చెడిపోయేవరకు నొప్పి లేకుండా సాగుతుంది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏడాదికొకసారైనా మూత్రం, రక్తం పరీక్ష చేయించుకోవాలి. నొప్పి మాత్రలను సొంతంగా ఏళ్ళ తరబడి మింగరాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో ఈ రెండు జబ్బులూ లేనివారిలో కూడా ఎందరికో మూత్రపిండాలు పాడయ్యాయి. పరిశోధకులు ఇంకా పూర్తి కారణం తేల్చలేకపోయారు. కనుక రోగిని చూసి, ఏ పాపం చేశాడో అనే హక్కు మనకు లేదు. వెంట ఆసుపత్రికి వెళ్ళే బాధ్యత మాత్రం ఉంది. డాక్టరు వద్దన్నా ఉపవాసం ఉంటానని పట్టుబట్టే రోగులకు ఒక మాట: వ్యాధిగ్రస్తులకు సడలింపునిచ్చినవాడు అల్లాహ్‌యే. ఆయన ఇచ్చిన సడలింపును స్వీకరించడం కూడా విధేయతే.

మరుగుదొడ్డి నుండి బయటికి రాగానే దైవప్రవక్త (స) అల్లాహ్‌ను మన్నింపు కోరేవారు. అక్కడ మన్నింపు దేనికి? ఇంతటి మేలుకు తగిన కృతజ్ఞత చెల్లించలేకపోయినందుకని కొందరు పండితులు వివరించారు. సోదర సోదరీమణులారా! ఈరోజు బయటికి వచ్చి తలుపు వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగుదాం. హారూన్ రషీద్ రాజ్యాన్ని తలచుకుందాం. ఆ దుఆను తెలిసి పలుకుదాం.

అల్లాహ్ రోగులకు స్వస్థతను, ఆరోగ్యవంతులకు కృతజ్ఞతాభావాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.