ఏ రేవులో కాపురం?

ఆలూరు బడుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చదువు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఈ మధ్య ఒక ప్రశ్న వేశారు. వారి కుమారుడు విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. తల్లిదండ్రులను అక్కడికే వచ్చేయమంటున్నాడు. ఆయనకు విశాఖలోనే, కొడుకు ఇంటికి దగ్గరగా, పెద్దాసుపత్రి అందుబాటులో ఉండాలని కోరిక. ఆమెకు భీమునిపట్నం నచ్చింది. "అక్కడ రద్దీ లేదు సార్, సముద్రముంది, మనశ్శాంతి ఉంది" అన్నారామె. రెండూ ఒకే తీరాన పాతిక కిలోమీటర్ల ఎడంలో ఉన్న పాత రేవు పట్టణాలు. ఏది మంచిది?

ప్రియ పాఠకులారా, ఇది అద్దెలకూ ఆసుపత్రులకూ సంబంధించిన ప్రశ్న మాత్రమే అయితే కాగితం మీద లెక్క వేసుకుంటే సరిపోతుంది. ఆదోనిలో ఉండాలా, గుంతకల్లులో ఉండాలా అని మన ఆలూరువాళ్ళు లెక్క వేసుకోవడం లేదా? కాని ఆమె అన్న "మనశ్శాంతి" అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఒక ఊరికి నెమ్మది ఎక్కడి నుంచి వస్తుంది?

భీమునిపట్నం ఎప్పుడూ నెమ్మదిగా ఉన్న ఊరు కాదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఆ చోట 17వ శతాబ్దంలోనే డచ్చివారు వర్తకానికి దిగారు, కోట కట్టుకున్నారు. అక్కడే చనిపోయినవారి సమాధులు ఈనాటికీ ఉన్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861 నాటికే అక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసుకుంటే, సరుకును పడవల మీద చేరవేసేవారు. ఎగుమతుల్లో ముఖ్యమైనది గోగు నార. మనం పుండికూర అని వండుకు తినే మొక్క జాతిదే. ప్రపంచ వ్యాపారంలో ఆ నారకు ఈ ఊరి పేరే పెట్టి 'బిమ్లిపట్నం జనుము' అన్నారు. ఒక ఊరికి అంతకన్నా పెద్ద గౌరవం ఏముంటుంది?

తరువాత మద్రాసు, కలకత్తాలను కలిపే రైలుమార్గం ఊరికి దూరంగా, విజయనగరం మీదుగా పోయింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ విశాఖ కొత్త హార్బరులోకి ప్రవేశించింది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ఆ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, బురద నేలను తవ్వి కట్టిన లోతైన రేవు అది. ఓడ నేరుగా వచ్చి గట్టుకు ఆనుకుంటుంటే, అలల మీద పడవల్లో సరుకు మోయించుకునే వర్తకుడెవరు? భీమిలి రేవుకు ఓడలు రావడం తగ్గి, క్రమంగా ఆగిపోయింది. పక్కనే ఉన్న చిట్టివలస జూట్ మిల్లు కూడా 2009లో మూతపడింది.

అంటే ఈనాడు మనం మెచ్చుకునే ఆ నెమ్మది పడవ నడిపినవారి పని పోగా మిగిలింది. నార మోసిన కూలీ, మిల్లు కార్మికుడు ఒకప్పుడు చేసిన చప్పుడు ఆగిపోగా వచ్చిన నిశ్శబ్దం అది. పింఛను చేతిలో ఉన్నవారికి అది మనశ్శాంతి. పని కోసం తెల్లవారకముందే విశాఖ బస్సెక్కే కుర్రవాడికి అదే నిశ్శబ్దం మరోలా వినిపిస్తుంది.

పోనీ విశాఖకు వెళదామా? ఆ సౌకర్యాలూ ఊరికే రాలేదు. ఓడల కర్మాగారంలో కట్టిన 'జలఉష'ను 1948 మార్చి 14న నెహ్రూగారు జలప్రవేశం చేయించిన నాడు దేశమంతా గర్వపడింది. ఉక్కు కర్మాగారం కోసం 1966లో జరిగిన ఆందోళనలో 32 మంది ప్రాణాలు పోయాయి. అది కట్టడానికి ఎన్నో గ్రామాలవారు వేల ఎకరాల భూమి వదులుకున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించారు. అక్కడివారు ఫ్యాక్టరీ పక్కన నిద్రపోవడం తప్ప చేసిన తప్పేమీ లేదు. నగరంలో దొరికే ఉద్యోగాల, వైద్యం, విమానాశ్రయం అన్నిటి వెనుకా ఇటువంటి పద్దులున్నాయి.

"ఇవన్నీ మేం చేశామా? రైలును మళ్ళించింది మేమా? ముసలితనంలో కాస్త చల్లగాలి కోరుకుంటే నేరమా?" అని ఆ దంపతులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గాలి కోరుకోవడం నేరం కాదు. అయినా ఇక్కడ ఒక తేడా ఉంది. పుట్టిన ఊరిని మనం ఎంచుకోలేదు. దాని మంచిచెడ్డలు మనకు అడగకుండానే అంటుకున్నాయి. ఎంచుకున్న ఊరి సంగతి వేరు. దాని పద్దు ముందే చూసి, చూసిన తరువాతే సంతకం పెడతాం.

క్రీస్తుకు పూర్వం 399లో, మరణశిక్ష పడి చెరలో ఉన్న సోక్రటీసును తప్పించుకు పొమ్మని స్నేహితుడు క్రీటో బతిమాలాడు. ఆ ముసలాయన ఒప్పుకోలేదు. ఈ నగరం నచ్చనివాడు సామాను తీసుకుని ఎటైనా పోవచ్చునని చట్టం చెబుతూనే ఉంది. డెబ్బై ఏళ్ళు పోకుండా ఇక్కడే ఉన్నానంటే దీనితో ఒప్పందం చేసుకున్నట్టే కదా అని ఆయన వాదన. శిక్ష అన్యాయమైనా ఒప్పందం నిలవాలా అంటే నాకు సందేహమే. కాని పోగలిగిన స్వేచ్ఛ ఉండీ ఉండిపోయినవాడు ఆ ఊరికి మాట ఇచ్చినట్టే అన్న భాగాన్ని కొట్టివేయలేం.

మన సుగ్గి కూలీలకు మాత్రం ఈ వాదన వర్తించదు. వానలు తప్పిన ఏడు ఆలూరు, కోసిగి పల్లెల నుంచి సంసారాలకు సంసారాలే మిరపకోతకు గుంటూరు వైపు తరలిపోతాయి. "ఏ ఊరైతే ఏముంది సార్, కూలి దొరికేదే మా ఊరు" అంటుంది ఒక తల్లి. ఆమె ఊరిని ఎంచుకోలేదు, ఆకలి ఆమెను అక్కడికి తోలింది. అటువంటివారికి వెళ్ళిన ఊరితో బాకీ ఏమీ లేదు. గుడిసె వేసుకోవడానికి చోటు, పిల్లలకు బడి, ఆ ఊరే వారికి బాకీ. ఎంచుకోగలిగినవాడి మీద ఉన్నంత బరువు ఎంచుకోలేనివాడి మీద పెట్టకూడదు.

ఆదికాండంలో లోతు కథ మీకు తెలుసు. పశువుల మేత విషయంలో కాపరులకు తగవు వస్తే, ముందు కోరుకునే అవకాశం అబ్రాము చిన్నవాడికే ఇచ్చాడు. లోతు కన్నులెత్తి చూశాడు. నీరు పారే యోర్దాను మైదానం కనిపించింది, అటే నడిచాడు. హగరి వాగు ఎండిపోయినప్పుడు చూసిన మనం నీటికి ఆశపడ్డవాడిని తప్పు పట్టలేం. అయితే అతడు నీటిని చూశాడు గాని సొదొమలో ఎటువంటి మనుషులున్నారో, వారి మధ్య తాను ఏమవుతాడో చూసుకోలేదు. భీమిలికి వెళ్ళి సముద్రాన్నీ దీపస్తంభాన్నీ ఎర్రమట్టి దిబ్బలనూ చూసి వచ్చిన మనవాళ్ళు మత్స్యకారుల వీధుల్లోకి వెళ్ళారా అని నాకు అనుమానమే.

ఇంతకీ ఏ ఊరు? నన్నడిగితే భీమునిపట్నమే అంటాను. ఆమె చెప్పిన కారణం చేత మాత్రం కాదు. లక్షల జనం ఉన్న నగరంలో ఆ దంపతులు ఏదో అపార్ట్‌మెంటులో ఒక తలుపు వెనక ఉండిపోతారు. చిన్న ఊళ్ళో సాయంత్రం అరుగు మీద నలుగురు పిల్లలకు లెక్కలు చెబితే వీధి వీధంతా ఎరుగుతుంది. ఆయన గుండె జబ్బు మాట నిజమే గనుక, మొదటి ఏడాది అద్దె ఇంట్లో ఉండి, అర్ధరాత్రి విశాఖ ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో చూసుకున్నాకే ఇల్లు కొనడం మంచిది. ఆరోగ్యం అడ్డువస్తే విశాఖే, అందులో చిన్నతనమేమీ లేదు. అక్కడ కూడా పాతపట్టణంలో, పక్కపక్క కొండల మీద మేరీమాత గుడి, దర్గా, వేంకటేశ్వరుని కోవెల హార్బరు వైపు చూస్తున్న ఆ దిక్కున, ఇరుగుపొరుగు ఇంకా పలకరించుకునే వీధులున్నాయి.

ఒక్క చిన్న విషయం. ఇక్కడి నుంచి వెళ్ళి స్థిరపడ్డవారు చాలామంది ఓటును మాత్రం ఆలూరులోనే ఉంచుకుంటారు. సుగ్గికి పోయినవారు అలా ఉంచుకోవడం సబబే, వారిని తనవాళ్ళని చెప్పుకునే ఊరు ఇదొక్కటే. ఇల్లు కొని, బాల్కనీ కట్టించి, ఏళ్ళ తరబడి సముద్రపు గాలి పీల్చే మనిషి మాటేమిటి? భీమిలి ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో ఒక భాగం. ఆ వార్డు కుళాయిలో నీళ్ళు రాకపోయినా, తీరం కోసుకుపోయినా, పడవలు నిలిపే చోట ఎవరో గోడ కట్టినా, అక్కడ పేరు లేని మనిషి ఏమని అడుగుతాడు?