ఎడ్నాకి ఎవరూ అబద్ధం చెప్పరు

జె.బి. ప్రీస్ట్లీ నాటకం ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’ ప్రస్తావన వస్తే చాలు, ఆ ఇన్‌స్పెక్టర్ అసలెవరు అన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. దేవుడా, దయ్యమా, మోసగాడా? నాకా గొడవ పట్టదు. నన్ను తొలుస్తున్నది ఎడ్నా. బిర్లింగ్ గారింటి పనిపిల్ల. తలుపు తీస్తుంది, ఎవరొచ్చారో చెబుతుంది, లోపలికి పోతుంది. టీ పెట్టడానికి ఆ రాత్రి ఆమెని మేలుకొని ఉండమన్నానని మిసెస్ బిర్లింగ్ నోటివెంట ఒక మాట వస్తుంది. అంతే. ఈవా స్మిత్ అనే పిల్ల చావు గురించి ఇంటిల్లిపాదినీ నిలదీసిన పెద్దమనిషి ఆమెని ఒక్క ప్రశ్న అడగడు. చనిపోయిన పిల్ల ఫోటో ఆమెకి చూపించడు.

నాటకం మొదట ఆడింది 1945లో, సోవియట్ యూనియన్‌లో. కథ జరిగేది 1912లో. ఆ ఇంట్లో అబద్ధాలు ఎటు ప్రవహిస్తాయో చూడండి. పోయిన వేసవంతా పనిలో తలమునకలై ఉన్నానని జెరాల్డ్ తను పెళ్ళాడబోయే బిర్లింగ్ కూతురు షీలాకి చెబుతాడు. బిర్లింగ్ కొడుకు ఎరిక్ తన తాగుడు తల్లికి తెలియనివ్వడు. తమ సంబంధం తక్కువదని జెరాల్డ్ తల్లి లేడీ క్రాఫ్ట్ అనుకుంటోందేమోనని బిర్లింగ్ బెంగ. అందుకే తనకి బిరుదు రాబోతోందని కాబోయే అల్లుడి చెవిన వేస్తాడు. దాపరికాలూ డాబులూ అన్నీ సమానులకీ, పైవాళ్ళకీ. కిందివాళ్ళతో ఆ శ్రమ అక్కర్లేదు. వారానికి 22న్నర షిల్లింగులు చాలవు, 25 ఇమ్మన్న ఈవా స్మిత్‌ని తన ఫ్యాక్టరీ పనిలోంచి తీసెయ్యడానికి బిర్లింగ్ ఒక్క అబద్ధమైనా ఆడలేదు. అదే ఈవా కడుపుతో ఉండి, సాయం కోసం వచ్చి, తన పేరు మిసెస్ బిర్లింగ్ అని చెప్పుకుంటే మాత్రం ఆ ఇంటి ఇల్లాలికి ఒళ్ళు మండిపోయింది.

అంటే అబద్ధం కూడా ఒక మర్యాదేనా? ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనన్న జంకు ఉన్నచోటే కదా దాస్తాం!

మా అక్క పెళ్ళి రోజులు గుర్తొస్తాయి. ఇల్లు తాకట్టులో ఉన్న సంగతి మగపెళ్ళివారికి తెలియకూడదు. నాన్నా బాబాయీ పెరట్లో కూర్చుని వడ్డీ లెక్కలేసుకుంటూ ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటున్నారు. రెండడుగుల దూరంలో నూతిపళ్ళెం దగ్గర మా పనామె కొబ్బరి పీచుతో, బూడిదతో ఇత్తడి గుండిగ తోముతోంది. ఎవరూ గొంతు తగ్గించలేదు. ఇంతలో పాలలోకి తోడు కోసం పక్కింటి మామ్మగారు గిన్నె పట్టుకొచ్చారు. ఠక్కున మాట ఆవకాయ మీదికి మళ్ళింది. ఈసారి కాయ పీచు పట్టలేదనీ, నూనె ధర మండిపోతోందనీ. తాకట్టు గురించి అరిచిన గొంతుతోనే బాబాయి ఆవపిండి పాళ్ళు చెబుతున్నాడు. గుండిగ తోముతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

ఆమె మగపెళ్ళివారి బంధువులింట్లో కూడా అంట్లు తోమేదని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. పెళ్ళయి పిల్లలు పుట్టాక అమ్మ అడిగింది, అక్కడ చెప్పలేదేమే అని. “నాకెందుకమ్మగారూ, మీరూ మీరూ ఒకటి” అంది, చీపురు వెతుక్కుంటూ.

ఆ జవాబు నా వాదనని సగానికి కూల్చేసింది. ఎడ్నా నోరు విప్పకపోవడానికి భయమే కారణమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అడిగిన ఈవాకి పనిపోయింది, అడగని ఎడ్నాకి నిలిచింది, లెక్క సరిపోయింది అనుకున్నాను. సీసాలో సారా ఎంత తగ్గిందో, ఎరిక్ ఏ వేళకి ఇల్లు చేరాడో ఆమెకి తెలియకుండా ఉంటుందా? నాటకం చెప్పదు గానీ, గ్లాసులు కడిగే మనిషికి తెలియదంటే నేన్నమ్మను. సాక్ష్యమంతా వంటింట్లోనే ఉంటే, ప్రీస్ట్లీ ఎక్కడినుంచో ఒక దొంగ ఇన్‌స్పెక్టర్ని రప్పించడమెందుకని విసుక్కున్నాను కూడా. కానీ మా పనామె మాటలో భయం లేదు. మా పరువు మొయ్యడం ఎలా ఆమె పని కాదో, తియ్యడమూ కాదు. మేం ఆమెని లెక్కలోకి తీసుకోలేదు, నిజమే. ఆమె మమ్మల్ని తీసుకుందా?

1992లో లండన్ నేషనల్ థియేటర్‌కి ఈ నాటకం చేసిన స్టీఫెన్ డాల్డ్రీ ఎడ్నాని చాలాసేపు వేదిక మీదే ఉంచాడు, మూగసాక్షిగా. అందరూ మెచ్చుకున్న ఆ ఏర్పాటు మీద ఇప్పుడు నాకు అనుమానం. వాళ్ళ బాగోతమంతా ఆమె నిలబడి చూడాలని ఎవరికి కోరిక? టికెట్టు కొనుక్కుని కూర్చున్న మనకే. నా చేతిలో ఉంటే, టీ పెట్టించడం కూడా మానిపించి ఆమెని పడుకోమని పంపేస్తాను. మళ్ళీ ఎవరైనా వస్తే బిర్లింగే వెళ్ళి తలుపు తీసుకుంటాడు.