కొండ దిగిన తేనెటీగలు

పాడేరు ఘాటీకి పైన, ఒకే గెడ్డ ఒడ్డున రెండు చెట్లు. మద్దిచెట్టు తొర్రలో ఒక తేనెపట్టు, పనసచెట్టు తొర్రలో ఇంకొకటి. ఆ ఏడు వలిసె చేలు సరిగ్గా పూయలేదు. దాచుకున్న కాస్త తేనెనూ మనుషులు రెండుసార్లు పొగబెట్టి పిండుకుపోయారు. పుష్యమాసపు చలిలో పిల్లపురుగులకు పెట్టడానికి పుప్పొడి లేదు. వెళ్లిపోవాలన్న మాట రెండు చెట్ల మీదా ఒకేరోజు పుట్టింది.

అప్పుడే మైదానం నుంచి ఒక రామచిలుక వచ్చింది. మాడుగుల దాటితే జీడిమామిడి తోటలున్నాయంది. చెట్టు కనపడనంత పూత అంది. తోటమాలి పెట్టెలు కూడా చేయించి ఉంచాడట, తొర్ర వెతుక్కునే పనే లేదట. చిలుక చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. పట్టుకొక జామపండు చొప్పున తనకు ముడుతుందన్నది మాత్రం చెప్పలేదు.

తేనెటీగలకు ఒక ఆచారముంది. కొత్తచోటికి ముందు వేగుటీగలు వెళ్లాలి. చూసొచ్చి ఆడి చూపించాలి. ఆ ఆట చూసి మరికొన్ని వెళ్లి, అవీ కళ్లారా చూసొచ్చాకే పట్టు లేస్తుంది. మద్దిచెట్టు ఈగలు ఆకలి మీదున్నాయి. "అన్నీ చిలుకమ్మే చెప్పిందిగా, ఇంక చూసేదేముంది" అని ఆ పొద్దే లేచి తోటమాలి పెట్టెలో దిగాయి. పనసచెట్టు ఈగలు అదే ఆకలితో ఆగాయి. వాటి వేగులు తోటంతా తిరిగాయి. పూత చూశాయి, పెట్టె చూశాయి, పెట్టె గుమ్మానికి బిగించిన చిల్లుల రేకు చూశాయి.

కిటుకంతా ఆ రేకులో ఉంది. ఆ చిల్లులో పనీగ పడుతుంది, రాణీగ పట్టదు. తేనెటీగలు పెంచేవాళ్లు దాన్ని రాణి గేటు అంటారు. పనీగలు తెల్లారి బయటికి పోవచ్చు, సాయంత్రం రావచ్చు, ఎవరూ అడ్డం రారు. రాణి కదల్లేదు కాబట్టి పట్టు కదలదు. మద్దిచెట్టు ఈగల్లో దేన్ని అడిగినా "నా గుమ్మం తెరిచే ఉంది" అనేది. అది నిజమే.

పనసచెట్టు ఈగలూ అదే తోటకు వెళ్లాయి. కాకపోతే గట్టుమీది చింతచెట్టు తొర్రలో దిగాయి. పెట్టెలో ఉన్నంత సుఖం లేదు. ఒక గాలివానకు సగం పట్టు తడిసిపోయింది. అయినా కడుపు నింపుకున్నాయి. కొండమీద తొలివానలు పడి కాఫీ పూతకొచ్చిన వేళకు పాత తొర్రకు చేరాయి.

మద్దిచెట్టు ఈగలకూ కడుపు నిండింది. పూత లేని రోజుల్లో తోటమాలి పంచదార నీళ్లు పెట్టాడు. తేనె మాత్రం అతనిది. కాఫీ పూత వేళకు కొండెక్కుదామంటే గుమ్మంలో రాణి పట్టలేదు. కొన్ని తరాలకు రేకు తుప్పుపట్టి ఊడిపోయింది. ఈగలు బయటికొచ్చాయి, పెట్టె చుట్టూ తిరిగాయి, మళ్లీ లోపలికే వెళ్లాయి. కొండదారి తెలిసిన ఈగ వాటిలో ఒక్కటీ మిగల్లేదు.

నీతి: వలస పోవడం తప్పు కాదు. తిరిగొచ్చే గుమ్మం మన చేతిలో ఉందో లేదో చూసుకోకుండా పోవడం తప్పు.

ఈ కథ మనుషులకూ జరిగింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు పెరిగాయి. కొండ ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారుకు వెట్టి, షావుకారుకు అప్పు, వాటి మీద కరువు. అలాంటి రోజుల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి సవరలు, కోందులు, పల్లపు ఊళ్ల తెలుగువాళ్లు తోటలకు కూలీలను పోగుచేసే సర్దార్ల వెంట అస్సాం తేయాకు తోటలకు వెళ్లారు. ఆశపడ్డవాటిలో కొన్ని దొరికాయి. చేతికి కూలి డబ్బు, తోట లైన్లలో తలదాచుకోను గది, ముఠాదారు లేని చోటు. రాణి గేటు మాత్రం చట్టంలోనే ఉంది. ముందుగా డబ్బు తీసుకుని పని వదిలి వెళ్లిన కూలీని 1859 నాటి చట్టం కింద జైల్లో పెట్టే వీలుండేది. యజమాని ఖర్చుతో ఇంటికి తిరిగొచ్చే హక్కు 1932 చట్టం దాకా రాలేదు, అదీ మూడేళ్లు పనిచేశాక. అప్పటికే తోటల్లో పుట్టి పెరిగిన తరాలున్నాయి.

ఆంధ్రలో సవర షెడ్యూల్డు తెగ. అస్సాం తోటల్లో ఉన్న అదే సవర సంతతికి ఆ గుర్తింపు లేదు, దానికోసం వాళ్లు దశాబ్దాలుగా పోరాడుతూనే ఉన్నారు. వెళ్లినవాళ్ల ఆకలి తీరింది గానీ వాళ్ల మునిమనవలు ఎవరన్నది కాగితం మీద చెరిగిపోయింది. కూలి లెక్కలు ఎన్ని చూపినా ఈ నష్టం పూడదు.

ఇప్పుడు పాడేరు నుంచి బెంగళూరు కట్టడం పనులకు, కోస్తా రొయ్యల చెరువులకు, ఇటుక బట్టీలకు వెళ్తున్న పిల్లలను ఆగిపొమ్మని నేననను. కాఫీ ఏడాదికి ఒక్క పంట, ఖర్చు పన్నెండు నెలలది. చదివిన చదువుకు కొండమీద ఉద్యోగాలు తక్కువ. వెళ్లే కారణం నిజమైనదే. కానీ మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టే అడ్వాన్సు, "నా దగ్గర భద్రంగా ఉంటుందిలే" అని తీసుకునే ఆధార్ కార్డు, ఈ రెండింటినీ అనుమానంతోనే చూడాలి. చిల్లుల రేకు ఈ రోజుల్లో అలాగే వస్తుంది.

ఒక విషయంలో ఈ తరానికి తాతల కంటే బలముంది. 1/70 చట్టం కొండమీది భూమిని గిరిజనేతరుల చేతికి పోనివ్వదు. 2006 అటవీ హక్కుల చట్టం పోడుభూమికి పట్టా పొందే దారి చూపింది. వచ్చి చేరడానికి తొర్ర ఉంది, దాన్ని పోగొట్టుకోకూడదు.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, వెళ్లేముందు మేస్త్రీని కాదు, అక్కడ పనిచేసి వచ్చిన మనిషిని అడగండి. పట్టా కుదువ పెట్టకండి. ఆధార్ ఎవరి చేతికీ ఇవ్వకండి. మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, పనిచేసే చోటు ఇంట్లో రాసిపెట్టి, గ్రామ సచివాలయంలో కూడా ఒక మాట చెప్పి బస్సెక్కండి.